మూడు వేళ్లు పోయాయి, లక్ష తీసుకుని సంతకం పెట్టమంటున్నారు

ప్రశ్న:

అన్నా, నమస్తే. మాది నకిరేకల్ దగ్గర ఒక పల్లె. మా ఆయనకు 30 ఏళ్లు. చిట్యాల దాటాక హైవే పక్కన మటన్, చికెన్ కోసి హోటళ్లకు, ఫంక్షన్ హాళ్లకు పంపే ఒక యూనిట్‌లో మూడేళ్లుగా పని చేస్తున్నాడు. నెలకు 14 వేలు, ఫోన్‌పేలో వేస్తారు. నిరుడు దసరా, గాంధీ జయంతి ఒకే రోజు వచ్చాయి కదా. ఆ రోజు మాంసం దుకాణాలు బంద్ అని ముందు రోజు తెల్లారకముందు నుంచి మిషన్ ఆపకుండా కోయించారు. సాయంత్రం బొక్కలు కోసే మిషన్ మీద మా ఆయన కుడి చేతి వేళ్లు మూడు మొదలంటా పోయాయి. బ్లేడుకు ఉండాల్సిన అడ్డు రేకును పని జల్దీ కావాలని మేస్త్రీ ఎప్పుడో తీసి పక్కన పెట్టాడు. ఇప్పుడేమో నువ్వే తీశావు, తప్పు నీదే అంటున్నారు.

ప్రైవేటు ఆస్పత్రి బిల్లు 60 వేలు ఓనరే కట్టాడు. అక్కడి కాగితాల్లో ఇంటి దగ్గర గడ్డి కోసే మిషన్‌లో చెయ్యి పడిందని రాయించారు. బిల్లు కోసమని చెప్పి ఏదో కాగితం మీద మా ఆయన ఎడమ చేతి వేలిముద్ర తీసుకున్నారు. ఇప్పుడు లక్ష ఇస్తాం, ఇక మాకు సంబంధం లేదని స్టాంపు పేపరు మీద సంతకం పెట్టు, వాచ్‌మన్ పని ఇస్తాం అంటున్నారు. ఊరి పెద్దమనుషులు తీసుకోమంటున్నారు. అప్పుల వాళ్లు ఇంటికి వస్తున్నారు. ఆయనేమో చెయ్యి తువ్వాల కింద దాచుకుని గడప దాటడం లేదు. మా దగ్గర అపాయింట్‌మెంట్ కాగితం లేదు, పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. కేసు నిలబడుతుందా? ఏం చేయాలి?

సమాధానం:

చెల్లెమ్మా, ముందు ఒక్క మాట. ఆ స్టాంపు పేపరు మీద మీ ఆయన సంతకం పెట్టొద్దు. సాక్షిగా మీరూ పెట్టొద్దు. ఇంట్లో పైసా ఆడనప్పుడు లక్ష రూపాయలు చాలా పెద్ద మొత్తంగా కనిపిస్తాయి. అందుకే ముందు లెక్క చెబుతాను, మిగతా సంగతులు తర్వాత.

పనిలో దెబ్బ తగిలితే యజమాని ఎంత ఇవ్వాలో 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం చెబుతుంది. 2025 నవంబరు 21 నుంచి ఈ చట్టం సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయింది. మీ ఆయనకు దెబ్బ తగిలింది అంతకు ముందు, అక్టోబరు 1న. కాబట్టి మీకు పాత చట్టం లెక్కే. ఒక చేతి మూడు వేళ్లు పోతే సంపాదించే శక్తిలో 30 శాతం పోయినట్టని ఆ చట్టం వెనక ఉన్న పట్టికలో రాసి ఉంది. నెల జీతంలో 60 శాతం తీసుకుని, వయసుకు తగ్గట్టు ఇచ్చిన ఒక అంకెతో గుణించాలి. 14,000లో 60 శాతం 8,400. 30 ఏళ్ల వయసుకు ఆ అంకె 207.98. గుణిస్తే 17,47,032 రూపాయలు. మనిషి ఇక ఏ పనీ చేయలేని స్థితికి వస్తే ఇవ్వాల్సింది అంత. అందులో 30 శాతం అంటే 5,24,110 రూపాయలు.

వాళ్లు ఇస్తామంటున్నది లక్ష.

ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. ప్రమాదం జరిగిన రోజే ఆ బాకీ పుట్టింది. నెల లోపు కట్టకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ కలపాలి. మీ లెక్కలో అది ఏడాదికి దాదాపు 63 వేలు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేశారని తేలితే, అసలులో సగం దాకా జరిమానా కూడా వేసి మీకే ఇప్పించవచ్చు. పైగా గాయం మానే దాకా పదిహేను రోజులకోసారి జీతంలో పావు వంతు, అంటే 3,500 చొప్పున ఇస్తూ ఉండాల్సింది. అలా ఇచ్చినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆస్పత్రికి పెట్టిన 60 వేలు చూపించి 'ఇప్పటికే చాలా ఇచ్చాం' అంటారు. ఆ మాటకు తలొంచకండి. వైద్యం ఖర్చు భరించడం యజమాని బాధ్యత. దాన్ని పరిహారంలోంచి కోయడానికి చట్టం ఒప్పుకోదు.

30 శాతం దగ్గరే ఆగిపోవాలని కూడా లేదు. 1976లో సుప్రీంకోర్టు ముందుకు ఒక వడ్రంగి కేసు వచ్చింది. ఎడమ చెయ్యి మోచేతి పైదాకా పోయింది. పట్టిక ప్రకారం అది పాక్షిక నష్టమే. కానీ ఒంటి చేత్తో వడ్రంగం సాగదు కాబట్టి ఆయన విషయంలో అది నూటికి నూరు శాతం నష్టమేనని కోర్టు తేల్చింది. మీ ఆయన బతుకుతెరువే కత్తి పట్టడం, బరువైన మాంసం ముక్కను పట్టుకుని మిషన్ మీదికి తోయడం. కుడి చేతి పట్టు పోయాక ఆ పని ఎంతవరకు చేయగలడో ఎముకల డాక్టరు చేత స్పష్టంగా రాయించండి. డాక్టరు ఎక్కువ శాతం రాస్తే దాన్ని బట్టే అడగండి. ఎంత ఒప్పుకుంటారన్నది ఈ కేసులు తేల్చే ఉద్యోగుల పరిహార కమిషనర్ చేతిలో ఉంటుంది, నేను ఇప్పుడే మాట ఇవ్వలేను. కానీ అడగనిదే ఎవరూ ఇవ్వరు.

ఇక 'తప్పు నీదే' అన్న మాట. మీ ఇద్దరినీ లోపల తినేస్తున్నది ఇదేనని నాకు అనిపిస్తోంది. ఈ చట్టం కింద తప్పెవరిదన్న విచారణ ముఖ్యం కాదు. పనిలో ఉండగా, పని వల్ల దెబ్బ తగిలిందా లేదా అన్నదే చూస్తారు. ఏమరుపాటున చెయ్యి జారినా పరిహారం పోదు. యజమాని తప్పించుకోవడానికి ఉన్న దారులు చాలా ఇరుకైనవి: కార్మికుడు తాగి ఉండటం, భద్రత కోసం స్పష్టంగా పెట్టిన నియమాన్ని కావాలని మీరడం, రక్షణ కోసం పెట్టిన అడ్డును అది ఎందుకుందో తెలిసీ కావాలని తీసేయడం. ఇక్కడ 'కావాలని' అన్నదే కీలకం. ఆ సంగతి రుజువు చేయాల్సింది కూడా యజమానే. మేస్త్రీ ఎప్పుడో తీసి పక్కన పెట్టిన రేకు లేకుండానే యూనిట్ నడుస్తూ వచ్చింది, ఎవరూ మళ్లీ బిగించలేదు. అలాంటప్పుడు అది కార్మికుడు కావాలని చేసిన పని ఎలా అవుతుంది?

ఆ మిషన్ సంగతి తెలియని వాళ్లకు చెబుతున్నాను. పైనొకటి కిందొకటి రెండు చక్రాలు, వాటి చుట్టూ ఆగకుండా తిరిగే పళ్లున్న సన్నని ఉక్కు పట్టీ. ఎదురుగా స్టీలు బల్ల. ముక్కను బల్ల మీద పెట్టి బ్లేడుకు ఎదురుగా తోస్తారు. కోసే ముక్క ఎంత ఎత్తుంటే అంత మేరే బ్లేడు బయటికి కనిపించాలి, మిగతాదంతా అడ్డు రేకు వెనక ఉండాలి. చివరి ముక్కను చేత్తో కాకుండా తోసే ప్లేటుతో నెట్టాలి. గడ్డకట్టిన బొక్క బ్లేడు తగలగానే పక్కకు తిరుగుతుంది. కొవ్వుతో బల్లంతా జిడ్డుగా ఉంటుంది. పొట్టేలు పక్కటెముకలు, తొడలు పెద్దవి కాబట్టి రేకు అడ్డం వస్తుందని తీసేస్తారు. జల్దీగా ఎక్కువ కోయొచ్చన్నది ఓనరు లెక్క. తెల్లవారుజాము నుంచి అదే బల్ల దగ్గర నిలబడిన మనిషికి సాయంత్రానికి చెయ్యి ఎక్కడుందో బ్లేడు ఎక్కడుందో చూపు ఆనదు. దసరా ముందు రోజు ఎన్ని గంటలకు పని మొదలైంది, మధ్యలో ఎంతసేపు ఆపారు, ఎంత సరుకు కోశారు, ఇవన్నీ మీ ఆయన నోటి నుంచి విని ఇప్పుడే ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. రోజులు గడిచే కొద్దీ వివరాలు చెరిగిపోతాయి.

రేకు సంగతికి మంచి సాక్ష్యం ఫోన్లలో ఉంటుంది. పని చేసే చోట కుర్రాళ్లు వాట్సాప్ స్టేటస్‌ల కోసం వీడియోలు తీస్తుంటారు. ప్రమాదానికి ముందు తీసిన ఏదో ఒక ఫొటోలోనో వీడియోలోనో వెనకాల ఆ మిషన్ రేకు లేకుండా కనిపిస్తే, తేదీతో సహా అది బలమైన ఆధారం. మీ ఆయన ఫోన్ గ్యాలరీ అంతా వెతకండి. పాత ఫోన్ ఉంటే అదీ చూడండి. ఏదీ చెరిపేయొద్దు, ఫోన్ మార్చొద్దు.

ఆస్పత్రి కాగితం గురించి. గడ్డి కోసే మిషన్ అని రాయించడం మన జిల్లాల్లో బాగా అలవాటైన ఎత్తు. పల్లెటూరి మనిషి కాబట్టి చూసేవాళ్లు నమ్మేస్తారని ధీమా. ముందు ఆస్పత్రికి వెళ్లి కేసు షీటు, ఆపరేషన్ నోట్సు, డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, బిల్లుల నకళ్లన్నీ కావాలని రాతపూర్వకంగా అడగండి. రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలన్నది డాక్టర్ల నియమావళిలోనే ఉంది. మీ అర్జీ నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. చేర్పించినప్పుడు 'తీసుకొచ్చిన వారు' అన్న చోట ఎవరి పేరుందో చూడండి. మేస్త్రీ పేరో డ్రైవర్ పేరో ఉంటే సగం పని అయినట్టే. బిల్లు ఏ ఖాతా నుంచి కట్టారో చూడండి. ఇంటి దగ్గర గడ్డి మిషన్‌లో చెయ్యి పడిన మనిషికి మాంసం యూనిట్ ఓనరు 60 వేలు ఎందుకు కట్టాడు? ఈ ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు ఉండదు. మీ ఇంట్లో అసలు గడ్డి కోసే మిషన్ లేకపోతే ఆ మాట పంచాయతీ కార్యదర్శి చేతో, పక్కింటి వాళ్ల చేతో రాయించుకోండి. ఆ సాయంత్రం మీకు ఫోన్ ఎవరు చేశారు, ఎన్నింటికి చేశారు అన్నది కాల్ లిస్టులో ఉంటుంది, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

తర్వాత పోలీస్ స్టేషన్. ఇంత ఆలస్యంగా వెళ్తే ఏమంటారోనని భయపడొద్దు. జరిగింది జరిగినట్టు రాయండి. ఆస్పత్రిలో తప్పు వివరం ఎవరు చెప్పారో, ఆ సమయానికి మీ ఆయన ఏ స్థితిలో ఉన్నాడో, మీకు ఎప్పుడు తెలిసిందో అన్నీ రాసి ఇచ్చి రశీదు తీసుకోండి. తీసుకోకపోతే అదే ఫిర్యాదును పోస్టులో జిల్లా ఎస్పీకి పంపండి. పోలీసు కేసు వేరు, పరిహారం కేసు వేరు. ఒకటి తేలే దాకా రెండోది ఆగాల్సిన పని లేదు.

అపాయింట్‌మెంట్ కాగితం లేదని దిగులు పడ్డారు. ఈ చట్టానికి ఆ కాగితం అక్కర్లేదు. రోజు కూలీ అయినా, రిజిస్టరులో పేరు లేకపోయినా పని చేసిన వాడు పని చేసిన వాడే. మీ దగ్గర ఉన్న ఫోన్‌పే జమలు చిన్నవి కావు. మూడేళ్ల స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసి, నెలనెలా 14 వేలు ఎవరి పేరు నుంచి వచ్చిందో ఆ వరుసల మీద గీత గీయండి. బ్యాంకుకు వెళ్లి అదే కాలానికి ముద్రతో స్టేట్‌మెంట్ తీసుకోండి. ఓనరు, మేస్త్రీ పంపిన వాయిస్ మెసేజ్‌లు, 'రేపు పొద్దున్నే రా', 'ఈ రోజు నలభై కిలోలు' లాంటివి దాచండి. సాక్షుల విషయంలో ఒక మాట. ఇప్పుడు అక్కడ పని చేస్తున్న వాళ్లు మీ వైపు మాట్లాడటానికి జంకుతారు, వాళ్ల మీద కోపం తెచ్చుకోకండి. అక్కడ మానేసి వెళ్లిన వాళ్లను వెతకండి. వాళ్లకు పోయేది ఉండదు కాబట్టి నిజం చెబుతారు.

ఎడమ చేతి వేలిముద్ర సంగతి. నొప్పితో మత్తులో ఉన్న మనిషి చేత తీసుకున్న ఆ ముద్ర తలచుకుంటే నాకు చాలా కోపం వస్తోంది. అయినా దాని వల్ల మీ హక్కు పోలేదు. పరిహారం వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చిన ఏ ఒప్పందమూ చెల్లదని చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. పరిహారం మీద రాజీ కుదిరితే ఆ ఒప్పందాన్ని కమిషనర్ దగ్గర రిజిస్టర్ చేయించాలి. మొత్తం తక్కువగా ఉందనో, మోసం చేశారనో, ఒత్తిడి పెట్టారనో అనిపిస్తే రిజిస్టర్ చేయకుండా ఆయన తిప్పి పంపవచ్చు. మీ దరఖాస్తులోనే ఫలానా రోజుల్లో, ఫలానా ఆస్పత్రిలో, ఏమిటో చదివి వినిపించకుండా వేలిముద్ర తీసుకున్నారని రాసేయండి. వాళ్లు ఆ కాగితం బయటికి తీసే ముందే మీరు చెప్పినట్టవుతుంది.

ఊరి పెద్దమనుషులకు కూడా ఈ దారే చూపండి. వాళ్లు మీ మంచికే చెబుతుండవచ్చు, వాళ్లతో తగువు పెట్టుకోవద్దు. 'రాజీకి మాకు అభ్యంతరం లేదు, నల్గొండలో కమిషనర్ ముందు కూర్చుని మాట్లాడదాం' అనండి. నిజాయితీగా ఇచ్చే ఓనరుకు అక్కడికి రావడానికి ఇబ్బంది ఏముంటుంది? ఈలోగా ఇంటి ఖర్చులకు ఓనరు ఏమైనా ఇస్తానంటే ఫోన్‌పేలో వేయమనండి, తీసుకోండి. అది తర్వాత పరిహారంలో సర్దుతారు, అందులో తప్పు లేదు. సంతకం మాత్రం పెట్టొద్దు.

దరఖాస్తు ఎక్కడ వేయాలి? నల్గొండలోని కార్మిక శాఖ కార్యాలయంలో. ఉద్యోగుల పరిహార కమిషనర్ అధికారాలు ఆ శాఖ అధికారికే ఉంటాయి. ఫారం ఎఫ్ అని అడిగితే ఇస్తారు. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, కార్మికుడు ఉండే చోటి కమిషనర్ దగ్గరా వేయొచ్చు. పాలమూరు నుంచి హైదరాబాద్‌కో, ఇంకా దూరానికో పనికి వెళ్లి దెబ్బ తగిలించుకుని ఇల్లు చేరిన వాళ్లు చాలామంది ఈ సంగతి తెలియకే ఊరుకుంటున్నారు. వాళ్లు మహబూబ్‌నగర్‌లోనే వేసుకోవచ్చు. గడువు ప్రమాదం నాటి నుంచి రెండేళ్లు. మీకు 2027 సెప్టెంబరు చివరి దాకా ఉంది. అంత దాకా ఆగకండి. ఆగిన కొద్దీ మిషన్ మారుతుంది, మనుషులు మారతారు.

దరఖాస్తు కంటే ముందు ఓనరుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పెద్ద భాష అక్కర్లేదు. ఇలా రాస్తే చాలు: 'నేను మీ యూనిట్‌లో మూడేళ్లుగా నెలకు 14,000 రూపాయల జీతానికి పని చేస్తున్నాను. 2025 అక్టోబరు 1 సాయంత్రం బొక్కలు కోసే మిషన్ మీద పని చేస్తుండగా నా కుడి చేతి మూడు వేళ్లు తెగిపోయాయి. ఆ సమయానికి మిషన్‌కు రక్షణ రేకు లేదు. ఉద్యోగుల పరిహార చట్టం ప్రకారం నాకు రావాల్సిన పరిహారం, వడ్డీ, తాత్కాలిక చెల్లింపులు ఇవ్వాలని కోరుతున్నాను.' తేదీ, ఎడమ చేతి సంతకం లేదా వేలిముద్ర, ఇద్దరు సాక్షులు. నకలు, పోస్టు రశీదు, అందినట్టు చూపే కాగితం భద్రంగా ఉంచండి. నోటీసు అందాక ఓనరు తన ఖర్చుతో డాక్టరు పరీక్షకు రమ్మంటే వెళ్లండి, కాదనొద్దు. కార్మికుల కోసం ఆ యూనిట్‌కు ఇన్సూరెన్స్ పాలసీ ఉందేమో కనుక్కోండి. ఉంటే బీమా కంపెనీని కూడా దరఖాస్తులో చేర్చాలి, అప్పుడు డబ్బు రాబట్టడం తేలికవుతుంది.

లాయరు కావాలంటే వచ్చినదాంట్లో సగం అడిగే వాళ్ల దగ్గరికి పోకండి. నల్గొండ కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. కార్మికులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఉచితంగా లాయరును పెడతారు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. కమిషనర్ తీర్పు మీ వైపు వచ్చాక ఓనరు హైకోర్టుకు వెళ్లాలంటే ముందు ఆ మొత్తం డిపాజిట్ చేయాల్సిందే. అక్కడికి వెళ్తాం, ఏళ్లూ పూళ్లూ పడుతుంది అని ఎవరైనా బెదిరిస్తే ఈ సంగతి గుర్తు చేయండి.

ఈఎస్ఐ, అంటే కార్మికుల కోసం ప్రభుత్వం నడిపే బీమా, దాని విషయం ఒకసారి సరిచూసుకోవాలి. ఆ యూనిట్‌లో పది మంది, అంతకు మించి ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది. జీతం 21,000 లోపు కాబట్టి మీ ఆయన దాని కిందికి వస్తాడు. అప్పుడు ఈ పరిహారం బదులు ఈఎస్ఐ నుంచి బతికున్నంత కాలం నెలనెలా డబ్బు వస్తుంది. ఓనరు పేరు ఎక్కించలేదు, చందా కట్టలేదు అన్నది కార్మికుడి తప్పు కాదు. ఈఎస్ఐ కార్పొరేషన్ మీకు ఇచ్చి ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. లెక్కపెట్టేటప్పుడు మిషన్ల దగ్గర నిలబడే వాళ్లనే కాదు, ప్యాకింగ్ చేసే ఆడవాళ్లు, కడిగే వాళ్లు, డెలివరీ డ్రైవర్లు, కాంట్రాక్టు మీద వచ్చే వాళ్లు అందరినీ కలపండి. పది మంది, అంతకు మించి తేలితే కార్మిక శాఖకు వెళ్లినప్పుడే ఆ మాట చెప్పండి. తగ్గితే నేను పైన చెప్పిన దారి మీది. కరెంటు మిషన్‌తో పని నడిచే చోట పరిహార చట్టానికి ఇంతమంది ఉండాలన్న నిబంధన లేదు.

అప్పుల వాళ్లకు చెప్పండి, ఈ పరిహారం డబ్బును ఎవరూ జప్తు చేయలేరు, తాకట్టు రాయించుకోలేరు. ఎవరైనా 'వచ్చే పరిహారం మాకే' అని నోటు రాయించుకోవాలని చూస్తే రాయొద్దు.

వాచ్‌మన్ పని గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. ఇలాంటి చిన్న ప్రైవేటు యూనిట్‌లో చెయ్యి పోయిన మనిషికి మళ్లీ పని ఇచ్చి తీరాలని పరిహార చట్టంలో లేదు. వాచ్‌మన్ పని ఇస్తే, మీ ఆయనకు మనసుంటే చేరనివ్వండి. దాన్ని సంతకంతో ముడిపెట్టనివ్వొద్దు. సంతకం అయ్యాక నాలుగు నెలలకు రావొద్దంటే పనీ ఉండదు, ఆ కాగితం చెల్లదని పోరాడే తిప్పలూ మీకే.

ఇప్పుడు ఆయన సంగతి. తువ్వాల కింద దాచుకున్న చెయ్యి కదలకపోతే మిగిలిన రెండు వేళ్లూ బిగుసుకుపోతాయి. బొటనవేలు మిగిలి ఉంటే, దానితో వస్తువును పట్టుకునే శక్తిని చాలావరకు తిరిగి తెచ్చుకోవచ్చు. అది వ్యాయామంతోనే వస్తుంది. జిల్లా ప్రభుత్వ ఆస్పత్రిలో ఫిజియోథెరపీ అడగండి, నేర్పింది ఇంట్లో రోజూ చేయించండి. లేని వేళ్లలో నొప్పి, మంట ఉన్నట్టు అనిపిస్తుందని ఆయన అంటే పిచ్చి అనుకోవద్దు. తెగిన నరాల వల్ల చాలామందికి అలా ఉంటుంది, మందులున్నాయి, డాక్టరుకు చెప్పండి. నిద్ర పట్టక, టెన్షన్‌తో ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ అది, తెలుగులో మాట్లాడతారు. వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం సర్టిఫికెట్‌కూ దరఖాస్తు పెట్టండి. దాని శాతం లెక్క వేరు, పరిహారం పట్టిక లెక్క వేరు. సదరంలో 40 కంటే తక్కువ వచ్చి పింఛను రాకపోయినా, మీ పరిహారం మీద దాని ప్రభావం ఉండదు.

ఇలాంటి మిషన్ల దగ్గర పని చేస్తూ ఇది చదివే వాళ్లకు ఒక్క మాట. వేలు తెగితే దాన్ని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి గట్టిగా మూతి కట్టి, ఆ కవర్‌ను ఐసు కలిపిన నీళ్లలో ఉంచాలి. మాంసం యూనిట్లో ఐసు చేతికందే దూరంలోనే ఉంటుంది కాబట్టి తెగిన వేలిని నేరుగా ఐసు గడ్డల్లోకో ఫ్రీజర్‌లోకో వేసేస్తారు. అలా గడ్డకడితే అతకడానికి పనికిరాదు. గాయాన్ని గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టుకుని, వేళ్లు అతికే సర్జన్ ఉన్న ఆస్పత్రికి ముందే ఫోన్ చేసి బయల్దేరాలి. టీటీ ఇంజెక్షన్ మరవొద్దు. ఆస్పత్రిలో 'ఎలా జరిగింది' అని అడిగినప్పుడు ఫలానా యూనిట్‌లో, ఫలానా మిషన్ మీద అని ఇంటి మనిషే చెప్పాలి, రాసింది చదివించుకోవాలి.

చెల్లెమ్మా, ఆ మిషన్ మీద ఇప్పుడు వేరే ఎవరో నిలబడి ఉంటారు. రేకు బిగించారో లేదో మనకు తెలియదు. కార్మిక శాఖకు మీ దరఖాస్తు ఇచ్చే రోజునే, రక్షణ రేకు లేకుండా మిషన్ నడుపుతున్నారని, తనిఖీ చేయాలని ఇంకో కాగితం రాసివ్వండి. తనిఖీకి వచ్చిన అధికారి రేకు లేదని రాస్తే అది ఆ బల్ల దగ్గరున్న కుర్రాడిని కాపాడుతుంది, మీ కేసుకూ సాక్ష్యమవుతుంది. రెండు కాగితాలకూ వేరువేరుగా రశీదు తీసుకోండి.